స్టెంట్ వేశారు సరే, ఇప్పుడు వంటింట్లో ఏం మారాలి?

ప్రశ్న: మేడం గారూ, మాది నరసరావుపేట దగ్గర పల్లెటూరు. మా వారికి 52 ఏళ్ళు, వ్యవసాయం. మూడు వారాల కిందట పొద్దున్నే గేదె పాలు పితుకుతూ గుండెల మీద బండ పెట్టినట్టుంది, ఎడమ చెయ్యి లాగుతోంది అన్నారు. వెంటనే గుంటూరు తీసుకెళ్ళాం. హార్ట్ ఎటాక్ అన్నారు, ఎల్ఏడీ అనే నరంలో 90 శాతం బ్లాక్ ఉందని స్టెంట్ వేశారు. కుడివైపు నరంలో ఇంకో 40 శాతం ఉందంట, దానికి మందులు చాలన్నారు. ఎల్‌డీఎల్ 148, ట్రైగ్లిజరైడ్స్ 260, హెచ్‌డీఎల్ 34. తిండి గురించి డిశ్చార్జ్ కాగితంలో ఒక్క లైన్ రాశారు, ఉప్పు తక్కువ కొవ్వు తక్కువ అని. మా అత్తయ్య గారు ఉప్పూ కారం లేకుండా విడిగా పత్యం వండిస్తున్నారు, ఆయన రెండు ముద్దలు తిని లేచిపోతున్నారు. మా మరిది వెల్లుల్లి, అల్లం, నిమ్మరసం, యాపిల్ వెనిగర్ మరగబెట్టి తేనె కలిపి తాగితే బ్లాకులు కరుగుతాయని ఫోన్‌లో వచ్చింది చూపిస్తున్నాడు. కొలెస్ట్రాల్ బిళ్ళ ఎక్కువ రోజులు వాడితే లివర్ పోతుందని పక్కింటివాళ్ళు అంటున్నారు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి ఆలివ్ ఆయిల్ వాడమంటున్నాడు. మేం ముగ్గురం, నెలకి ఐదు లీటర్ల నూనె డబ్బా అయిపోతుంది. స్టెంట్ వేశారు కాబట్టి జబ్బు పోయినట్టేనా? ఈ పత్యం ఎన్నాళ్ళు? వచ్చే నెల విజయవాడలో మా ఆడపడుచు కూతురి పెళ్ళి కూడా ఉంది.

సమాధానం: అమ్మా, ముందు ఒక మాట చెప్పనివ్వండి. గుండెల మీద బరువు అనగానే గ్యాస్ అనుకుని సోడా తాగించి పడుకోబెట్టకుండా మీరు వెంటనే బండి ఎక్కించారు చూడండి, ఆయన ఇవాళ ఇంట్లో తిరుగుతున్నారంటే అందుకే. గుండె జబ్బుల వార్డులో డైటీషియన్‌గా పద్దెనిమిదేళ్ళ నుంచి చేస్తున్నా, ఆ సోడా దగ్గరే రెండు మూడు గంటలు పోగొట్టుకుని వచ్చినవాళ్ళని ఎంతమందిని చూశానో.

ఇక జబ్బు పోయినట్టేనా అన్నారు. పోలేదమ్మా. స్టెంట్ అనే సన్నటి లోహపు జాలీతో ఆ ఒక్క చోట దారి తెరుచుకుంది, అంతే. గుండె ఒళ్ళంతా రక్తం పంపుతుంది గానీ దాని సొంత కండకి కావాల్సిన రక్తం మాత్రం రెండు చిన్న నాళాల్లోంచే వస్తుంది, కుడిది ఒకటి ఎడమది ఒకటి, ఎడమది మళ్ళీ రెండుగా చీలుతుంది, అందులో ముందు వైపు దిగేదే మీరు రాసిన ఎల్ఏడీ. గుండె ముందు గోడలో చాలా భాగానికి అదే ఆధారం, అందుకే డాక్టర్లు అంత కంగారు పడతారు. చాలామంది దీన్ని మురికి కాలవకి చెత్త అడ్డం పడ్డట్టు ఊహించుకుంటారు, తీసేస్తే శుభ్రం అయిపోతుంది అనుకుంటారు. అది అలా జరగదు. చెడు కొలెస్ట్రాల్, అదే ఎల్‌డీఎల్, నాళం గోడ లోపలి పొర కిందకి దూరి అక్కడ పేరుకుంటుంది, దాన్ని తినడానికి వచ్చిన మన రక్షక కణాలు తిని తిని అక్కడే చచ్చిపోతాయి, అట్లా ఏళ్ళ తరబడి చర్మం కింద సెగ్గడ్డ తయారైనట్టు గోడలో ఒక గడ్డ కడుతుంది. పైన సన్నటి పొర ఉంటుంది. ఏదో ఒక రోజు ఆ పొర పగిలితే అక్కడ రక్తం గడ్డ కట్టి నిమిషాల్లో దారి మూసుకుపోతుంది, అదే ఎటాక్.

అందుకే ఆ 40 శాతాన్ని చిన్నదే కదా అని వదిలెయ్యకూడదు. సగం కూడా మూసుకోని చోట పొర పగిలి ఎటాక్ వచ్చినవాళ్ళు బోలెడుమంది. మరి దానికి కూడా స్టెంట్ ఎందుకు వెయ్యలేదు అంటే, రక్తం బాగానే పారుతున్న చోట జాలీ పెట్టి లాభం లేదు, ఆ గడ్డ పై పొర గట్టిపడేలా, లోపలి కొవ్వు తగ్గేలా చెయ్యాలి. అది మందుబిళ్ళా, వంటిల్లూ కలిసి చేసే పని. కరిగిపోతుందా అంటే పూర్తిగా కరగదు, ఎల్‌డీఎల్ బాగా దించితే కొంచెం తగ్గొచ్చు, ముఖ్యంగా పగలకుండా నిలబడుతుంది. మనకి కావాల్సింది అదే.

52కే ఎందుకొచ్చింది అని బాధపడుతుంటారు మీరు. మన ప్రాంతం వాళ్ళకి ఇది ముందే వస్తుందమ్మా. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద స్టడీలో చూస్తే మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి ఎటాక్ సగటున 53 ఏళ్ళకి, మిగతా దేశాల వాళ్ళకి దాదాపు 59కి వచ్చింది. మీ వారి రిపోర్టు కూడా అచ్చం మన రిపోర్టే, ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో రకం కొవ్వు ఎక్కువ, మంచి కొలెస్ట్రాల్, అదే హెచ్‌డీఎల్, తక్కువ, ఆ పొట్ట కూడా ఉండే ఉంటుంది.

ఇప్పుడు కొలెస్ట్రాల్ బిళ్ళ సంగతి, ఎందుకంటే తిండి గురించి ఎంత రాసినా ఆ బిళ్ళ ఆపేస్తే నేను రాసింది వేస్ట్. ఎల్‌డీఎల్ 148 ఉంది, ఎటాక్ వచ్చిన మనిషికి అది 55 కన్నా కిందకి రావాలి. ఎంత నిష్ఠగా తిన్నా తిండితో మామూలుగా తగ్గేది పది పదిహేను శాతం, అంటే 125, 130 దగ్గర ఆగుతుంది. పెద్ద డోసు స్టాటిన్, అంటే ఆ కొలెస్ట్రాల్ బిళ్ళ, ఒక్కటే సగానికి సగం దించుతుంది. ఇంకా దిగకపోతే డాక్టర్ గారు ఇంకో బిళ్ళ కలుపుతారు. లివర్ పాడవడం అనేది చాలా అరుదు, దానికి టెస్టు ఉంది, నెల రెండు నెలల తర్వాత లిపిడ్ ప్రొఫైల్ అనే కొలెస్ట్రాల్ టెస్టు చేయించేటప్పుడు అదీ చేస్తారు. కండరాల నొప్పులు వస్తే డాక్టర్‌కి చెప్పండి, డోసు మారుస్తారు, అంతేగానీ పక్కింటివాళ్ళ మాట మీద ఆపొద్దు. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చిన బిళ్ళలైతే అసలే ఆపకూడదు, పన్ను పీకించుకోవాలన్నా సరే ముందు గుండె డాక్టర్‌ని అడగాలి. కొత్త స్టెంట్‌లో ఆ బిళ్ళలు ఆపేస్తే మళ్ళీ గడ్డ కట్టే ప్రమాదం ఉంది.

ఇక మీ అత్తయ్య గారి పత్యం. ఆవిడ ప్రేమతోనే చేయిస్తున్నారు, నాకు తెలుసు, కానీ పత్యం అంటే మన ఇళ్ళల్లో అర్థం ఏంటి, బాలింతకి కొన్నాళ్ళు, కామెర్లకి మందు తిన్నన్నాళ్ళు, తర్వాత పత్యం విడిచేసి మామూలు తిండి. ఈ జబ్బుకి విడవడం అనేది లేదమ్మా. మా నాన్నకి బైపాస్ అయినప్పుడు మా అమ్మ కూడా ఇలాగే చేసింది, మా అందరికీ ఒక కూర, ఆయనకి ఉడకబెట్టిన సొరకాయ ముక్కలు. ఒకరోజు రాత్రి నీళ్ళు తాగుదామని లేస్తే వంటింట్లో లైటు వెయ్యకుండా ఆవకాయ జాడీ మూత తీసి వేలితో తీసుకుని నాకుతున్నాడు, నన్ను చూసి జాడీ వెనక్కి పెట్టేసి తలొంచుకున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, పది ఎకరాలు చేసిన రైతు. ఆ తలొంచుకోవడం నేను ఇప్పటికీ మర్చిపోలేను. మర్నాడే అమ్మతో కూర్చుని అందరికీ ఒకటే వంట అని పెట్టాం, నూనె ఉప్పు అందరికీ తగ్గించాం, తాలింపు, కరివేపాకు, మిరియాలు, చింతపండు, కారం అన్నీ ఉంచాం. కారం మానాలని ఎక్కడా లేదు, కడుపులో మంట ఉంటే తప్ప. నాలుగైదు వారాలు చప్పగా అనిపిస్తుంది, తర్వాత నాలుక అలవాటు పడిపోతుంది, బయట తింటే అబ్బా ఇంత ఉప్పేంటి అంటారు మీరే.

కాబట్టి ఇవాళ్టి నుంచి ఆయనకి వేరే గిన్నె వద్దు. ఇంటి వంటే మారాలి, మీరూ తినాలి, అత్తయ్య గారూ తినాలి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే మీ ఇంట్లో నేనైతే పాల దగ్గర మొదలుపెడతా. కోడిగుడ్డు పచ్చసొన గురించి అందరూ భయపడతారు గానీ గేదె పాల గురించి ఎవరూ మాట్లాడరు. లెక్క చూడండి. గేదె పాలల్లో వెన్న ఆరేడు శాతం. రోజు మొత్తం మీద టీలు, పెరుగు, రాత్రి గ్లాసు పాలు కలిపి అర లీటరు అనుకున్నా ముప్పై గ్రాముల పైన కొవ్వు, అందులో దాదాపు ఇరవై గ్రాములు గట్టి కొవ్వు, అంటే నాళాల్లో ఎల్‌డీఎల్ పెంచే రకం. ఆయన లాంటి మనిషికి అలాంటి కొవ్వు రోజుకి పన్నెండు పదమూడు గ్రాములు దాటకూడదు, అంటే అన్నంలో నెయ్యి చుక్క పడకముందే పాలతోనే దాటేశారు. గేదె ఉన్న ఇంట్లో ప్యాకెట్ పాలు కొనమంటే నన్ను తిడతారు. వద్దు. పాలు కాచి చల్లార్చి, మీగడ గట్టిగా కట్టాక మొత్తం తీసెయ్యండి, మళ్ళీ కాచి ఇంకోసారి తియ్యండి, ఆ పాలతోనే తోడు వెయ్యండి, వీలైతే పెరుగు చిలికి వెన్న తీసేసిన మజ్జిగ ఇవ్వండి. మన అమ్మమ్మలు రోజూ చిలికి మజ్జిగే పోసేవాళ్ళు, మీగడ పెరుగు చుట్టాలొచ్చినప్పుడే. మీగడతో చేసిన నెయ్యి అమ్ముకోండి. ఆయనకి పండగ రోజు పప్పన్నంలో ఒక్క చెంచా చాలు.

నూనె. ముగ్గురికి ఐదు లీటర్లు అంటే మనిషికి రోజుకి యాభై మిల్లీలీటర్ల పైనే. మన హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం మామూలు ఆరోగ్యవంతుడికే రోజుకి 27 గ్రాములు. మీ ముగ్గురికీ కలిపి నెలకి రెండు లీటర్లు పెట్టుకోండి. ఒకటో తారీకున రెండు లీటర్లు విడిగా పోసి పెట్టి సీసా మీద తారీకు రాయండి, పదిహేనో తారీకుకి సగం దిగాలి, అంతకంటే తొందరగా దిగితే ఏ వేపుడులో పోయిందో మీకే తెలుస్తుంది. డబ్బాలోంచి నేరుగా మూకుట్లోకి వంచడం మానెయ్యండి, చెంచాతో కొలిచి పొయ్యండి, దొండకాయ ముందు ఆవిరి మీద మగ్గబెట్టి చివర రెండు చెంచాల నూనెలో వేయిస్తే వేపుడు రుచి వస్తుంది.

ఏ నూనె అంటే వేరుశనగ, నువ్వులు, తవుడు నూనె ఏదైనా పర్లేదు, మార్చి మార్చి వాడండి. పామాయిల్, వనస్పతి వద్దు. ప్యాకెట్ మీద కొలెస్ట్రాల్ ఫ్రీ అని రాస్తారు, అది చూసి మోసపోకండి, గింజల నూనె దేంట్లోనూ కొలెస్ట్రాల్ ఉండదు, పామాయిల్‌లో కూడా ఉండదు, కానీ దాంట్లో సగం గట్టి కొవ్వే. ఆలివ్ ఆయిల్ మంచిదే, స్పెయిన్‌లో కోర్డోబా అనే ఊళ్ళో వెయ్యి మంది గుండె జబ్బు వాళ్ళని ఏడేళ్ళు చూశారు, సగం మందికి ఆలివ్ నూనె, గింజలు, చేపలు, కూరగాయలు ఉన్న తిండి, మిగతావాళ్ళకి కొవ్వు బాగా తగ్గించిన తిండి. 2022లో రిజల్ట్ వచ్చింది, మొదటి రకం తిన్నవాళ్ళకే మళ్ళీ ఎటాకులు, స్ట్రోకులు తక్కువ. దీని నుంచి మనం తెలుసుకోవాల్సింది నూనె పూర్తిగా మానెయ్యక్కర్లేదని, ఏ కొవ్వు తింటున్నాం అనేది ముఖ్యమని. ఆలివ్ నూనె అక్కడ ఊరి పంట కాబట్టి వాళ్ళు వాడారు. మీ అబ్బాయి పంపితే వాడండి, దాని కోసం డబ్బులు ఖర్చు పెట్టొద్దు, మీ పల్నాడు వేరుశనగ నూనె కొలిచి పోసుకుంటే చాలు, ఉప్పు లేని వేరుశనగ గింజలు, బాదం కలిపి రోజూ ఒక గుప్పెడు పెట్టండి.

ఉప్పు మనిషికి రోజుకి ఐదు గ్రాములు, అంటే తలకొట్టిన ఒక టీస్పూన్, పచ్చళ్ళు అప్పడాలు అన్నీ కలుపుకుని. ముగ్గురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ రెండు నెలలు రావాలి. ఆవకాయ పూర్తిగా మానమని నేను చెప్పను, నాన్నని చూశాక చెప్పలేను. వారానికి రెండు రోజులు ఒక చిన్న ముక్క, ఊట లేకుండా, ఆ పూట పప్పులో ఉప్పు వెయ్యకుండా. అప్పడాలు, ఊరమిరపకాయలు, ఎండుచేపలు మాత్రం వదిలెయ్యండి. షాపుల్లో సోడియం తక్కువ ఉప్పు అని ఒకటి దొరుకుతుంది, దాంట్లో పొటాషియం ఉంటుంది, ఆయన వాడే బీపీ మందుల్లో కొన్ని పొటాషియం పెంచుతాయి, కిడ్నీ సరిగా లేకపోతే ఇంకా ప్రమాదం, డాక్టర్‌ని అడక్కుండా కొనకండి.

ట్రైగ్లిజరైడ్స్ 260 అన్నారు, అది నూనె కన్నా అన్నం, పంచదార, తాగుడు వల్ల ఎక్కువ పెరిగేది. తాగే అలవాటు ఉంటే ఆయనతో మీరే నెమ్మదిగా మాట్లాడండి, చుట్ట బీడీ ఉంటే ఒక్కటి కూడా వద్దు, దీంట్లో మొహమాటం లేదు. టీలు రోజుకి నాలుగు, ఒక్కోదాంట్లో రెండు చెంచాలు అయితే నలభై గ్రాముల పంచదార అక్కడే పోయింది, బెల్లం వేసినా అంతే. అన్నం మూడు పూటలా తినే మనిషికి ఒక్కసారి ఆపితే నీరసపడతాడు. మధ్యాహ్నం అన్నం, రాత్రి జొన్నరొట్టె, పొద్దున పెసరట్టో ఇడ్లీయో ఉప్మాయో. కొర్రలు అరికలు తిన్నా మంచిదే గానీ అవి మందు కాదు, కంచం నిండా తింటే అవీ పిండి పదార్థమే. నేను చెప్పేది కంచంలో వరస మార్చమని. మనం గుట్టలా అన్నం పెట్టుకుని దానికి కూర నంజుకుంటాం. ముందు సగం కంచం కూర వెయ్యండి, బీర, సొర, బెండ, చిక్కుడు, గోరుచిక్కుడు, పక్కన గట్టిగా పప్పు, మిగిలిన చోట అన్నం. పప్పు, బెండకాయ, చిక్కుడు, జామకాయ, నానబెట్టిన మెంతులు వీటిల్లో ఉండే జిగురు పీచు కొలెస్ట్రాల్‌ని కొంచెం లాగుతుంది కూడా. ఆకుకూరలు తినొద్దని ఎవరైనా చెప్తే అది ఎసిట్రోమ్ లాంటి వేరే రకం రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళకి చెప్పే జాగ్రత్త, మామూలుగా స్టెంట్‌కి ఇచ్చే బిళ్ళలకి దాంతో సంబంధం లేదు, చీటీలో ఆ పేరు లేకపోతే గోంగూర, తోటకూర హాయిగా పెట్టండి.

మాంసాహారం తింటారో లేదో రాయలేదు. తింటే చేపల పులుసు వారానికి రెండుసార్లు, కానాగంతల లాంటి సముద్రపు చేపలు దొరికితే ఇంకా మంచిది, వేపుడు కాదు. తోలు తీసిన కోడి పర్లేదు. మేక మాంసం నెలకి ఒకసారి, తలకాయ బోటీ వద్దు. గుడ్డు వారానికి మూడు నాలుగు తిన్నా నాకు అభ్యంతరం లేదు.

మీ మరిది చూపించిన కషాయం గురించి. గోడ లోపల పొర కింద ఉన్న గడ్డని కడుపులోకి వెళ్ళిన వెల్లుల్లి రసం కరిగించలేదమ్మా. తాలింపులో, చారులో వెల్లుల్లి ఎంతైనా వెయ్యండి, మంచిది. కానీ రక్తం పల్చబడే బిళ్ళలు రెండు వేసుకుంటున్న మనిషికి గ్లాసులకి గ్లాసులు ఆ రసం తాగిస్తే రక్తస్రావం అయ్యే రిస్క్ పెరగొచ్చు, కడుపులో పుండు పడొచ్చు. నాకు అన్నిటికంటే భయం ఇంకోటి, ఇది తాగుతున్నాం కదా అని బిళ్ళలు ఆపేస్తారు. మరిదికి నా మాటగా చెప్పండి.

మళ్ళీ ఎప్పుడైనా ఛాతీలో బరువు, చెమటలు, దవడలోకి చేతిలోకి లాగడం, ఉన్నట్టుండి ఆయాసం వస్తే 108కి ఫోన్ చెయ్యండి, నాలుక కింద పెట్టుకునే బిళ్ళ డాక్టర్ ఇచ్చి ఉంటే కూర్చోబెట్టి పెట్టండి, బండి నడుపుకుంటూ ఆయన్ని వెళ్ళనివ్వకండి. ఇంకో సంగతి, తండ్రికి 55 లోపే వచ్చింది కాబట్టి మీ అబ్బాయి అక్కడ లిపిడ్ ప్రొఫైల్, దాంతో పాటు లైపోప్రోటీన్ ఏ అనే టెస్టు చేయించుకోవాలి, అది వంశంలో వచ్చేది, జీవితంలో ఒకసారి చేయిస్తే చాలు. మీరూ బీపీ షుగర్ చూపించుకోండి. ఆడవాళ్ళకి కొన్నిసార్లు ఛాతీనొప్పి లేకుండా ఆయాసం, వికారం, వీపు నొప్పితోనే ఎటాక్ వస్తుంది, పని ఎక్కువై అలసట అనుకుని ఊరుకుంటారు.

పెళ్ళికి వెళ్ళండి, ప్రయాణం గురించి చెకప్‌లో ఒకసారి అడిగి మరీ వెళ్ళండి. భోజనానికి కూర్చునే ముందు ఇంటి దగ్గర ఒక గిన్నె మజ్జిగన్నం, ఒక జామకాయ తినిపించండి, ఆకలితో విస్తరి ముందు కూర్చుంటే ఎవరికీ చెయ్యి ఆగదు. విస్తట్లో పప్పు, కూర, చారు, పెరుగు తింటారు, బూరె ఒక్కటి తింటానంటే తిననివ్వండి, అందరి ముందూ చేతిలోంచి లాక్కోకండి. బిరియానీ, వేపుళ్ళు, అప్పడాల దగ్గర మాత్రం మీరు పక్కనే ఉండండి. బిళ్ళల కవరు, డిశ్చార్జ్ కాగితాల జెరాక్సు మీ చేతి సంచిలో పెట్టుకోండి, సూట్‌కేసులో కాదు, పెళ్ళి ఇంట్లో సూట్‌కేసు ఏ గదిలో ఎవరు తాళం వేసుకుపోతారో మీకు తెలుసు కదా.